తాగుడు మానినోడికి సాయంత్రం ఎట్లా గడవాలి?

మన గూడేలలో తాగుడు మాన్పించే మాటలకు కొదవ లేదు. సంఘం మీటింగులో ఒట్టు, దేవర ముందు ఒట్టు, పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు, మండల కేంద్రంలో ర్యాలీ, కళాజాత పాట. అన్నీ చెప్పేది ఒక్కటే: "మానెయ్." మానేసినోడు సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో మాట్లాడాలి, చేతికొచ్చిన కూలి పైసలు ఏం చెయ్యాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నెల రోజులు సెంటర్‌లో ఉండి, ముఖం తేటగా తిరిగొచ్చిన అన్నలు రెండో సంతకే మళ్లీ తాగి పడిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. అప్పుడు ఊరంతా ఒకటే మాట: "వాడింతే, వాడికి బుద్ధి లేదు." అది బుద్ధి లోపం కాదు. తాగకుండా బతకడం అనేది ఒక పని. ఎవరూ నేర్పకుండా నాగలి పట్టడం రాదు కదా, ఇదీ అంతే.

జల్ జంగల్ జమీన్ గురించి రాసే చోట ఇదేంటి అని కొందరు తమ్ముళ్లు అడగొచ్చు. 1/70 చట్టం మన భూమిని గిరిజనేతరుడి పేరు మీదకు పోకుండా కాగితం మీద ఆపింది. బెల్టుషాపులో ఉద్దెర ఖాతాను ఆ చట్టం ఆపలేదు. వానాకాలమంతా ఉద్దెరకు తాగించి, పత్తి అమ్మిన రోజు వచ్చి లెక్క తీసేవాడు భూమి కొనాల్సిన అవసరమే లేదు. పంట వాడిదైనప్పుడు పట్టా ఎవరి పెట్టెలో ఉంటే ఏంటి? కాబట్టి ఒక మనిషి తాగుడు నుంచి బయటపడి నిలబడటం వాళ్ల ఇంటి గొడవ మాత్రమే కాదు.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల వచ్చిన సమస్యలకు సాయం కావాలి. మద్యానికి పూర్తిగా బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం వైద్యం అందుతోంది. ఇది దేశం మొత్తం లెక్క. రోడ్డు లేని గూడెం సంగతి మీరే ఊహించుకోండి.

మిగతా విషయాలకు పోయే ముందు ప్రాణం సంగతి. రోజూ పొద్దున్నే తాగితే తప్ప చేతులు వణకడం ఆగని మనిషిని ఒక్కసారిగా ఇంట్లో పెట్టి తలుపేసి మాన్పించకండి. మొదటి రోజు చెమట, వణుకు, నిద్రలేమి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనిది కనబడటం, ఎవరో పిలుస్తున్నట్టు వినబడటం, దిక్కు తెలియక పరుగెత్తడం. మన దగ్గర దీన్ని గాలి సోకింది అనుకుంటారు. దేవారి దగ్గరికి తరువాత పోవచ్చు, ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. ఇది ప్రాణం తీసే స్థితి, దీనికి మందులున్నాయి. మత్తు మందు కలిపిన కల్తీ కల్లు అలవాటైనవాళ్లకు కూడా ఇదే ప్రమాదం. ఇంకొకటి: "మనిషికి తెలియకుండా మాన్పిస్తాం" అని అమ్మే పొడులు, మాత్రలు కూరలో కలిపి పెట్టొద్దు. అలాంటి వాటిలో కొన్ని లోపల ఉండగా మందు తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. ఏ మాత్ర అయినా తాగే మనిషికి తెలిసి, డాక్టర్ చెప్పి ఇవ్వాలి. 14446 అనేది కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి ఉచిత ఫోన్ నంబర్. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కినప్పుడు ఆశా అక్కతో కలిసి ఒకసారి మాట్లాడండి.

ఆ వారం గడిచిందనుకుందాం. ఒళ్లు తేరుకుంది. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది, ఊళ్లో జనం మాత్రం అయిపోయింది అనుకుంటారు.

పదేళ్లు తాగిన మనిషికి సాయంత్రం అంటే సీసా. అది తీసేస్తే అక్కడ పెద్ద ఖాళీ. పని నుంచి వచ్చేసరికి కడుపు కాలుతుంటుంది, ఒళ్లు అలిసి ఉంటుంది, ఇంట్లో వంట ఇంకా కాలేదు, ఎవరో ఏదో అంటారు, కోపం వస్తుంది. ఆకలి, అలసట, కోపం, ఒంటరితనం, ఈ నాలుగూ ఒకేసారి వచ్చే గంట అదే. మానినవాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా ఎక్కువగా జారేది ఈ నాలుగింటి దగ్గరే. అందుకే మొదటి పాఠం చాలా చిన్నది: ఐదున్నరకే తినాలి. గట్కో, అంబలో, పొద్దుటి రొట్టో, ఏది ఉంటే అది. కడుపు నిండిన మనిషికి మందు మీద యావ కొంత తగ్గుతుంది. నవ్వకండి, చేసి చూడండి. పొద్దున్నే కొంచెం విడిగా తీసి మూత పెట్టుకోవడం కూడా ఆయనే నేర్చుకోవాలి. వదిన మీద ఇంకో పని పెట్టడం కాదు ఇది.

తిన్న తర్వాత చేతులకు పని. మంచం నవారు బిగించడం, తట్ట అల్లడం, కోళ్ల గూడు సరిచేయడం, పిల్లాడి పుస్తకం ముందు కూర్చోవడం. చదువు రాకపోయినా పక్కన కూర్చోవచ్చు. మందు మీద ఆశ అల లాంటిది, లేస్తుంది, కాసేపు ఊపేస్తుంది, చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట చేతులు ఖాళీగా లేకుంటే చాలు. నిద్ర మాత్రం కొన్ని వారాలు సరిగా పట్టదు. అది మామూలే అని ఆయనకూ ఇంటివాళ్లకూ ముందే తెలియాలి. లేకపోతే "ఒక్క గ్లాసు వేస్తే నిద్రొస్తది" అనే పాత లెక్క మళ్లీ మొదలవుతుంది.

పైసల సంగతి ఇంకా కష్టం. ఉపాధి హామీ కూలి బ్యాంకులో పడుతుంది. తియ్యడానికి మండలానికి పోవాలి. వేలిముద్ర పెట్టే చోటుకూ వైన్ షాపుకూ మధ్య దూరం ఎంతుంటుందో మీకు తెలుసు. మొదటి ఆరు నెలలు ఒంటరిగా పోకూడదు. భార్యతోనో, తమ్ముడితోనో, చదువుకునే బిడ్డతోనో పోవాలి. తీసే ముందే లెక్క రాసుకోవాలి: బియ్యం, నూనె, సబ్బు, పిల్లల నోటు పుస్తకాలు, కిరాణా పాత బాకీ. లెక్క తప్పి జేబులో మిగిలిన రెండు వందలే మనిషిని ముంచుతాయి. పత్తి డబ్బు ఒకేసారి పడేటప్పుడు అయితే ఇంట్లో అందరూ ముందు రోజే కూర్చోవాలి. బెల్టుషాపు పాత ఉద్దెర ఉంటే తీర్చడానికి ఆయన్ని పంపకండి, ఇంకెవరన్నా పోయి తీర్చి రావాలి. ఇదంతా ఆయన్ని చిన్నపిల్లాడిలా చూడటం కాదా అంటారేమో. ఏ నెల నుంచి ఏ డబ్బు ఆయన చేతికి రావాలో ఆయనే చెప్పి, ఆయనే రాసుకుంటే అది కాపలా కాదు, ఏర్పాటు. ఆయన్ని అడగకుండా పాస్‌బుక్కు దాచేస్తే మాత్రం కాపలానే, అది రెండు నెలలు కూడా నడవదు.

ఇక సంత. బావామరుదుల వరస మనకు ప్రాణం. "బావా, ఒక్కటే, నా మీద ఒట్టు" అని చెయ్యి పట్టుకుంటే ఏమనాలి? "నేను మానేసిన" అంటే పందెం మొదలవుతుంది. పొట్టిగా, నవ్వుతూ, వాదన లేకుండా చెప్పే మాట ఒకటి ముందే నోటికి రావాలి: "డాక్టర్ గోళీలిచ్చిండు బావా, దీంతోని తాగితే సస్త. నువ్వు చాయ్ తాపియ్యి." అంతే, అక్కడి నుంచి లేచి నడవాలి. ఈ మాట ఇంటి దగ్గర నాలుగుసార్లు పైకి అని చూసుకోవాలి. సిగ్గుగా ఉంటుంది, అయినా అనాలి. సంతలో పని మధ్యాహ్నం రెండు గంటలకే ముగించి బండెక్కడం కూడా ఒక నేర్పే.

మన సంస్కృతిలోనే ఉంది కదా, దేవరకు ఇప్పసారా పోయకుండా పండగ ఎట్లా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దేవర ముందు ఆకులో పోసే చుక్కలకూ, బెల్టుషాపు క్వార్టర్‌కూ, సరిహద్దు దాటొచ్చే దేశీదారుకూ చుట్టరికం కలపొద్దు. ఆ చుక్కలు దేవరవి. మానిన మనిషి చేతితో పోయొచ్చు, నోట పెట్టుకోనక్కర్లేదు. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే కాదు కూడా. ఉట్నూరులో మన ఆదివాసీ అక్కచెల్లెళ్లు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. క్రమశిక్షణ మనకు బయటివాళ్లు నేర్పాల్సిన వస్తువూ కాదు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కోసం చెప్పులు లేకుండా రోజుల తరబడి నడుస్తారు. ఎక్కడ ఆగాలో, ఎవరు కలశం మొయ్యాలో అంతా ముందే నిర్ణయమై ఉంటుంది. ఏ ఒక్కడూ ఒంటరిగా నడవడు. తాగుడు మానిన మనిషికి కావలసింది దాదాపు ఇలాంటిదే.

ఇక్కడ యువజన సంఘాలు చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు లేనిది. ఒక్కో మనిషికి ఒక్క తోడు. ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు, సంత రోజు పక్కన నడిచేవాడు. ఊళ్లో మానినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే వారానికి ఒక సాయంత్రం ఒక చోట కూర్చుని ఎవరికి ఏ రోజు కష్టమైందో మాట్లాడుకోవాలి. తప్పి ఒకరోజు తాగితే రాయి సెంటర్‌లో నిలబెట్టి జరిమానా వెయ్యొద్దని సార్‌మేడిలకు మనవి. జరిమానాకు భయపడ్డ మనిషి దాచుకుని తాగుతాడు. మర్నాడు పొద్దున తోడుగా ఉన్న తమ్ముడు పోయి, "నిన్న ఏ గంటకు, ఎవరితో, జేబులో ఎంత ఉంది?" అని అడగాలి. దొంగను అడిగినట్టు కాదు, ఎద్దు ఎక్కడ తప్పిపోయిందో వెతుకుతున్నట్టు.

తాగే ఆడవాళ్ల గురించి మనం అసలు మాట్లాడం. మగవాడు తాగితే అలవాటు, ఆడది తాగితే పరువు. వాళ్లకు సెంటర్లు లేవు, కూర్చునే మీటింగూ లేదు. ఈ పని మహిళా సంఘాల అక్కలు విడిగా, గుట్టుగా మొదలుపెడితేనే అవుతుంది, మగ యువజన సంఘం తలదూర్చకపోవడమే మంచిది. గంజాయి మూటలు మోయించి మన పిల్లలను ఏళ్లకేళ్లు జైళ్లలో పెట్టించే దళారుల సంగతి ఇంకో వ్యాసానికి సరిపోతుంది, ఇప్పుడు వదిలేస్తున్నా.

ఒకటి మాత్రం వదలకూడదు. ఇంటికీ బడికీ మధ్య మూడు బెల్టుషాపులు పెట్టి, మానినోడిని మాత్రం "నిగ్రహం పెంచుకో" అనడం అన్యాయం. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎం)(1) మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని చెప్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. పూర్తి నిషేధం మీద ఊరు ఒప్పుకోకపోతే కనీసం ఇంత అడగండి: బడి దారిలో షాపు వద్దు, సంత రోజు సాయంత్రం అమ్మకం వద్దు, ఉద్దెర అసలే వద్దు. గ్రామసభ తీర్మానం పుస్తకంలో రాయించండి, ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ముందు తీసుకోండి. ఒక కాపీ ఐటీడీఏలో, ఒకటి ఎక్సైజ్ ఆఫీసులో ఇచ్చి, రెండు చోట్లా రసీదు అడిగి తీసుకోండి. పత్తి తీతలు మొదలు కాకముందే ఇది పూర్తి కావాలి.