మాయాబందర్‌లో బస

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్‌కు విశాఖ నుంచి వెళ్లేవారు ఓడలోనో విమానంలోనో ముందు పోర్ట్‌బ్లెయిర్ చేరాలి. 2024లో ఆ నగరానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుంచి ఉత్తరంగా దాదాపు 240 కిలోమీటర్లు బస్సు ప్రయాణం. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ ఆగి, పోలీసు కాపలాతో వరుసగా జరావా ఆదివాసుల అడవిని దాటుతాయి. అక్కడ దిగడం, ఫొటోలు తీయడం నిషిద్ధం. ఈ కట్టడి ఎంత గట్టిగా అమలైతే అంత మంచిది. తర్వాత బస్సు మొత్తంగా, గోదావరి రేవుల్లోలా, పంటు ఎక్కి బారాటాంగ్ దీవి చేరి, మాయాబందర్ వైపు సాగుతుంది. మాయాబందర్‌లో పెద్ద నది లేదు. మడ అడవుల మధ్య పోటుపాట్లకు నిండి తగ్గే ఉప్పు కాలువలే ఆ లోటు తీరుస్తాయి. ఊళ్లో ప్రభుత్వ అతిథిగృహం, కొన్ని లాడ్జీలు ఉన్నా, వీలైతే దగ్గర్లోని వేబి గ్రామంలో దిగడమే మేలు. బ్రిటిష్‌వారు 1925లో బర్మా నుంచి తెచ్చిన కరెన్ జాతివారి ఊరది. స్తంభాల మీద లేపిన చెక్క ఇళ్లు వారి సంప్రదాయం. నేల చెమ్మ, పురుగూపుట్రా పైకి రాకుండా చూసే ఆ కట్టడం వానల సీమకు సిమెంటు గది కన్నా ఎక్కువ నప్పుతుంది, అద్దె డబ్బూ ఊళ్లోనే ఉంటుంది. ఏసీ ఆశించకూడదు. దోమతెర, టార్చిలైటు తప్పనిసరి. గడియారం భారత కాలమానమే అయినా శీతకాలంలో సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది కనుక వెలుతురుండగానే బస చేరుకోవాలి.