నక్క తోక తొక్కి గెలిచాడా?

అనుకోకుండా ఎవరికైనా మంచి జరిగితే మన ఊళ్లలో వెంటనే వచ్చే మాట, 'వాడు నక్క తోక తొక్కాడురా!' అని. ఆ మాటలో మెచ్చుకోలు కొంత, ఎగతాళి ఎక్కువ. ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచి కూడా ఇలాంటి మాటలు పడ్డ ఆటగాడు ఒకడున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన స్టీవెన్ బ్రాడ్‌బరీ. ఆయన గెలుపు మీద నా అభిప్రాయాన్ని మన హాస్టల్ తమ్ముళ్లతో, చెల్లెళ్లతో, నాతో చదివిన మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఆట గురించి చెప్పాలి. ఎందుకంటే మంచు అంటే మనలో చాలామందికి తెలిసింది పుల్ల ఐసే. షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ అనే ఈ ఆటను 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న మంచు మైదానంలో ఆడతారు. ఒక చుట్టు 111.12 మీటర్లు. 1000 మీటర్ల పందెమంటే తొమ్మిది చుట్లు. బూట్ల కింద కత్తిలాంటి ఉక్కు పట్టీలు ఉంటాయి. మన పరుగు పందెంలో లాగా ఎవరి గీత వారికి ఉండదు. అందరూ ఒకే దారిలో, ఒకరి వెనుక ఒకరు, సందు దొరికితే దూసుకుపోవాలి. మలుపులో ఎంతగా ఒరుగుతారంటే ఎడమచేతి వేళ్లు మంచుకు తాకుతుంటాయి. ఒకరు జారితే పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురిని కూడా లాక్కుపోతారు. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్ నుంచి ఈ ఆటకు పతకాలు ఇస్తున్నారు.

ఇక 2002 ఫిబ్రవరి 16. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్. పురుషుల 1000 మీటర్ల పందెం. బ్రాడ్‌బరీకి 28 ఏళ్లు, అది ఆయనకు నాలుగో ఒలింపిక్స్. క్వార్టర్ ఫైనల్‌లో మూడో స్థానంలో వచ్చాడు. ముందుకు వెళ్లేది ఇద్దరే. ఇంటికి పోవడమే అనుకుంటుండగా, ముందున్న ఒకరిని రిఫరీలు తప్పు చేశాడని తొలగించారు. సెమీఫైనల్‌లో అందరికంటే వెనుక ఉన్నాడు. ముందున్నవాళ్లు ఒకరినొకరు తగిలి పడ్డారు. ఆయన ఫైనల్ చేరాడు.

ఫైనల్‌లో ఐదుగురు. అమెరికా ఆశాకిరణం అపోలో ఓనో, చైనా ఆటగాడు లీ జియాజున్, కొరియా కుర్రాడు ఆన్ హ్యున్ సూ, కెనడాకు చెందిన టర్కాట్, చివరన బ్రాడ్‌బరీ. ఆఖరి చుట్టు, ఆఖరి మలుపు. గీత కళ్ల ముందే ఉంది. ఒక్క క్షణంలో ముందున్న నలుగురూ కుప్పగా పడిపోయారు. ఎంతో వెనుక వస్తున్న బ్రాడ్‌బరీ నిలబడే గీత దాటాడు. ఆస్ట్రేలియాకే కాదు, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశాలన్నిటికీ శీతాకాల ఒలింపిక్స్‌లో అదే తొలి స్వర్ణం.

చూసినవాళ్లు నవ్వారు. ఆయన దేశంలోనే అనుకోని గెలుపుకు 'బ్రాడ్‌బరీ చేయడం' అన్న నానుడి పుట్టింది. ఆ పందెం వీడియో మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత ఆయన గురించి చదివాక నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను.

1994లో మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచకప్ పోటీలో మరొక ఆటగాడి బూటు పట్టీ ఆయన తొడను చీల్చేసింది. నాలుగు లీటర్ల రక్తం పోయింది. 111 కుట్లు పడ్డాయి. లేచాడు, మళ్లీ మంచు మీదికి వచ్చాడు. 2000లో సాధన చేస్తుండగా పడి మెడ ఎముకలు విరిగాయి. ఇక ఈ ఆట వద్దన్నారు వైద్యులు. అయినా వచ్చాడు. ఆ ఫైనల్ సాగింది ఒకటిన్నర నిమిషం. దాని వెనుక ఉన్నది పదేళ్లకు పైబడిన సాధన. జనం నిమిషాన్ని చూశారు, ఏళ్లను చూడలేదు. ఆయన కూడా ఈ పతకం ఆ ఒకటిన్నర నిమిషానికి కాదని, అంతకుముందు పడ్డ దశాబ్దపు కష్టానికని చెప్పుకున్నాడు.

ఈ ఆటలో నన్ను ఆలోచింపజేసిన నియమం ఒకటుంది. ముందుకు వెళ్లే స్థానంలో ఉన్న ఆటగాడు ఎదుటివాడి తప్పు వల్ల పడిపోతే, రిఫరీ అతణ్ణి తర్వాతి రౌండుకు పంపవచ్చు. అలా వచ్చినవాణ్ణి ఎవరూ 'ఊరికే వచ్చాడు' అనరు. అది దయ కాదు, ఆటలోని న్యాయం. పైగా తర్వాతి రౌండులో పరుగెత్తాల్సింది అతడే. ఆ రౌండును ఎవరూ అతనికి దానం చేయరు.

మనకు కాలేజీలో సీటు వస్తే 'మీకేంరా, ఊరికే వస్తాయి' అన్న మాట వినని హాస్టల్ విద్యార్థి ఉంటాడా? డిగ్రీ మొదటి వారంలోనే నేను విన్నాను. ఆ రోజు జవాబు చెప్పలేక తల దించుకున్నాను. ఈ రోజైతే ఈ ఆట నియమం చెప్పేవాణ్ణి. మా తాతను, మా నాన్నను పడేసిన చేతులు ఎవరివో అడిగేవాణ్ణి. తర్వాతి రౌండు మేమే పరుగెత్తామని, పరీక్ష హాలులో మా జవాబులు మేమే రాశామని చెప్పేవాణ్ణి.

అయితే తమ్ముళ్లూ, ఒక మాట. బ్రాడ్‌బరీ కథను 'వెనుక కూర్చుంటే ముందువాళ్లు పడతారు' అని అర్థం చేసుకుంటే మోసపోతాం. ఆయన కూర్చోలేదు. తన వేగం తక్కువని తనకు తెలుసు. తోపులాటలో దూరకుండా వెనుక నిలవాలని కోచ్‌తో మాట్లాడుకునే దిగాడు. తన బలమెంతో తెలుసుకోవడం పిరికితనం కాదు. ఎవరినీ తోయలేదు కూడా. ముఖ్యంగా ప్రపంచంలో ఆ పందెం ఫైనల్ చేరిన ఐదుగురిలో తానొకడై ఉన్నాడు. అదృష్టం వచ్చినా మంచు మీద ఉన్నవాడి దగ్గరికే వస్తుంది గానీ, ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నవాడి దగ్గరికి రాదు.

ఓనోను కూడా మరచిపోవద్దు. స్వర్ణం చేతిదాకా వచ్చి జారింది. అయినా పడ్డచోట ఏడుస్తూ ఉండిపోలేదు. లేచి గీత మీదికి దూకాడు, రజతం దక్కించుకున్నాడు. ఒక సబ్జెక్టు పోయిందని పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయే తమ్ముడు గుర్తుంచుకోవాల్సింది బ్రాడ్‌బరీ కంటే ముందు ఓనోనే.

కనుక నా అభిప్రాయం ఇది. బ్రాడ్‌బరీకి అదృష్టం కలిసి వచ్చిన మాట నిజం. కాదనక్కర్లేదు. కానీ అది కలిసి వచ్చే వేళకు 111 కుట్లు పడ్డ కాలితో, విరిగి అతికిన మెడతో ఆయన అక్కడ నిలబడి ఉన్నాడు. రేపు మీకు ఉద్యోగం వస్తే, సీటు వస్తే, ఎవరో ఒకరు నక్క తోక మాట అంటారు. అననివ్వండి. తల మాత్రం దించకండి. నేను ఒకసారి దించాను, అది చాలు.