మబ్బు పట్టిన గ్లాసు

అమెరికాలో ఇంట్లోనే సరదాగా బీరు కాచుకునేవాళ్లకి ఓ పట్టాన తీరని బెంగ ఒకటుంది. నెలరోజులు కాపలా కాసి చేసిన బీరు సీసాలో తేటగా, తేనెరంగులో మెరుస్తుంటుంది. తీరా అతిథులొచ్చేరోజు ఫ్రిజ్‌లోంచి తీస్తే... కుడితినీళ్లలా మసకమసక! చేదు కోసం, వాసన కోసం హాప్స్ పూలు దండిగా వేస్తే ఈ తంటా మరీ ఎక్కువ.

అక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం కొత్తేమీ కాదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు- అంటే 750 లీటర్ల పైచిలుకు- పన్ను లేకుండా కాచుకోనిచ్చింది. (మన దగ్గరైతే ఎక్సైజువాళ్లు తలుపు తడతారు!)

ఇంతకీ ఆ మసక ఎక్కణ్నుంచి వస్తుంది? పాలు పోయని చిక్కటి టీని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, మబ్బేస్తుంది. టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ హాప్స్‌లోనూ ఉంటాయి. అవి బార్లీలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. చల్లదనానికి ఆ జంటలు గుంపులు కట్టి వెలుతురుకి అడ్డుపడతాయి. గ్లాసు కాస్త వెచ్చబడితే విడిపోతాయి, బీరు మళ్లీ తేట! అలా చల్లబరచడం, వెచ్చబడనివ్వడం పదేపదే జరిగితే మాత్రం ఆ మసక ఇక వదలదు.

దీనికి మందులు చాలానే ఉన్నాయి. కాగడం ఇంకో పావుగంటలో అయిపోతుందనగా ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు వేస్తారు. పులిశాక కొన్నిరోజులు గడ్డకట్టేంత చలిలో ఉంచుతారు. జెలటిన్ కలుపుతారు. ఇంగ్లండులో చేపల గాలితిత్తిని ఎండబెట్టి చేసిన ఐసింగ్లాస్ వాడటం పాత అలవాటు. శాకాహారులకి గొంతులో పడే మాటే! బురదనీళ్ల కుండలో మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసేవారు కదా, ఇదీ అలాంటి పనే.

చిక్కల్లా ఒకటే. ఆ తేర్చే మందు మసకతోపాటు హాప్స్ సువాసననీ కొంత అడుక్కి లాక్కుపోతుంది. వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్కెమిస్ట్ అనే చిన్న బ్రూవరీ 2004లో మొదట చేసిన 'హెడీ టాపర్' బీరుని తేర్చకుండానే పోసింది. జనం దానికోసం బారులు తీరారు. ఆ దారిలో ఎందరో నడిచారు. చివరికి 2018లో అమెరికా బ్రూవర్ల సంఘం మసక బీర్లని విడి రకాలుగా తన జాబితాలో చేర్చుకుంది. నిన్నటి తప్పు కాస్తా రకమైపోయింది!

అలాగని ప్రతి మసకా మంచిదేం కాదు. ముందు లేని పులుపు తగిలినా, మూత తీయగానే నురగ ఎగజిమ్మినా అది వేరే సూక్ష్మజీవులు చేరిన గుర్తు కావచ్చు. అలాంటి సీసాలు ఒత్తిడికి పగలొచ్చు కూడా. వాటిని పిల్లలకి దూరంగా తీసుకెళ్లి, మూత నెమ్మదిగా వదులు చేసి, సింకులో పారబోయడమే.