దుమ్ము దులపకండి, బాబూ!

ఈ వారం ఒక మిత్రుడు వాట్సాప్‌లో వీడియో పంపాడు. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న పాత ఇటాలియన్ కారును బయటికి లాగి, ప్రెజర్ వాషర్ పెట్టి కడుగుతున్నారు. ‘చూడండి, ఎలా తళతళలాడుతోందో’ అని కింద ఆ మిత్రుడి మురిపెం. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎన్నేళ్ల దుమ్మది! రెండు నిమిషాల్లో కాలువపాలు చేశారు.

దుమ్ముకు విలువేమిటి అంటారా? 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ వాళ్ల వేలం గుర్తు చేసుకోండి. ఒకప్పుడు ఫ్రెంచ్ సినిమా నటుడు అలాన్ డెలాన్ నడిపిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, ఫ్రాన్స్‌లో ఒక గ్యారేజీలో పాత పత్రికల కట్టల కింద దొరికింది. దాన్ని కడగలేదు, తుడవలేదు, అలాగే తెచ్చి వేదిక మీద పెట్టారు. కోటీ 63 లక్షల యూరోలు పలికింది. రెండేళ్ల తర్వాత జపాన్‌లో దశాబ్దాలు మూలనపడిన అల్యూమినియం బాడీ ఫెరారీ డేటోనా కూడా అంతే. ఒళ్లంతా దుమ్ముతోనే ఇటలీలోని మారనెల్లోలో వేలానికి నిలబడి 18 లక్షల యూరోలు తెచ్చింది. అమ్మేవాడికి తెలిసిన ఈ సంగతి, వీడియోలు తీసేవాడికి ఎందుకు తెలియదో!

అలాగని వేలం పాటల వాళ్లను నెత్తిన పెట్టుకోవడం లేదు. వాళ్ల పిచ్చి వాళ్లది. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఒక ఫెరారీ 500 మాండియల్ అమ్ముడైంది. 1954 నాటిది. 1960ల్లో గుద్దుకుని, కాలిపోయి, అప్పటినుంచీ అలాగే ఉండిపోయింది. ఫొటో చూశారా? మాడిన అప్పడాన్ని పిడికిట్లో నలిపినట్టు ఉంటుంది. తలుపేదో ముందు భాగమేదో తెలియదు. దానికి 18 లక్షల 75 వేల డాలర్లు! మన లెక్కలో పదిహేను కోట్లకు పైమాటే. కొన్నవాడు కారు కొన్నాడా? చాసిస్ నంబరు కొన్నాడు. ఆ నంబరు చుట్టూ కొత్త రేకు వంచి, కొత్త భాగాలు బిగించి, ఇది 1954 ఫెరారీయే అని రేపు రోడ్డెక్కిస్తే కాదనేవాడు ఉండడు. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు లాంటివి ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోవాలి. ఆ ధ్రువీకరణకు ఫెరారీ 2006లో ‘క్లాసికే’ అని ఏకంగా ఒక విభాగమే పెట్టింది. ఎర్ర అట్ట పుస్తకం ఒకటి చేతికిస్తారు. పట్టాదారు పాసుపుస్తకం లేని పొలం మనకెలాగో, ఆ ఎర్ర పుస్తకం లేని ఫెరారీ వాళ్లకలాగ.

ధరల మాట ఎలాగూ వచ్చింది కనుక ఫెరారీ 250 జీటీఓ సంగతి చెప్పాలి. 1962 నుంచి 64 దాకా చేసినవి 36 మాత్రమే. వాటిలో ఒకదాన్ని టెక్సాస్‌లో ఒక హైస్కూలుకు దానమిచ్చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి! 1972లో స్కూలు వాళ్లు దాన్ని 6,500 డాలర్లకు వదిలించుకున్నారు. కొన్నాయన ఒహాయోలో పొలంలో, ట్రైలర్ మీద, ఎండకూ మంచుకూ ఏళ్ల తరబడి వదిలేశాడు. మరో జీటీఓ 2018లో 4 కోట్ల 84 లక్షల డాలర్లకూ, ఇంకొకటి 2023 నవంబరులో న్యూయార్క్‌లో 5 కోట్ల 17 లక్షలకూ పోయాయి. ఇనుములో ఏ మార్పూ లేదు. మారింది కొనేవాళ్ల జేబు.

నాకు అసలు కడుపుమంట ఇక్కడ. ఇంత డబ్బు పోసి కొన్నవాడు కారును ఉన్నట్టు ఉండనివ్వడు. ఫెరారీ ఎఫ్40 తీసుకోండి. కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ బతికుండగా విడుదలైన చివరి రోడ్డు కారు. బరువు తగ్గించాలని ఫ్యాక్టరీలో ఎర్ర రంగు ఎంత పల్చగా కొట్టారంటే, ఎండలో దగ్గరికెళ్లి చూస్తే రంగు కింద కార్బన్ ఫైబర్ అల్లిక చాపలా కనిపిస్తుంది. దాన్ని ‘బాగు చేయిస్తాం’ అని షెడ్డుకు తోలి, లప్పం పెట్టి, నాలుగు పూతలు దట్టంగా వేయించి అద్దంలా మెరిపిస్తారు. అల్లిక మాయం. అరవైలనాటి ఎన్నో ఫెరారీల బాడీలు మోడెనాలో స్కాలియెట్టి కార్ఖానా పనివాళ్లు చేత్తో సుత్తి దెబ్బలతో వంచినవి. కుడివైపు ఎడమవైపు కొలిస్తే ఒకటిగా ఉండవు. ఇప్పటి రీస్టోరర్లు ఆ తేడాను కూడా సరిచేసి, ఫ్యాక్టరీకే చేతకాని నునుపు తెచ్చి, ప్రదర్శనలో బహుమతి పట్టుకెళ్తారు. పనివాడి చెయ్యి చెరిపినందుకు కప్పు!

ఆ తర్వాత కారు కదలదు. కిలోమీటర్లు పెరిగితే ధర పడుతుందని భయం. తీరా నడపని కారే ముందు పాడవుతుంది. సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి. ఎఫ్40లో పెట్రోలు పోసే రబ్బరు సంచులకు గడువు పదేళ్లే, కారు గ్యారేజీ దాటకపోయినా మార్చాల్సిందే. ఫెరారీ టెస్టరోసాలో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజినంతా కిందికి దించాలి. అంత ఖర్చు పెట్టి నడపకుండా ఉంచేవాడికి కారు ఎందుకు, బంగారు బిస్కెట్లు కొనుక్కోవచ్చుగా!

2019లో ఇటలీలోని బొలోన్యా కోర్టు ఇందాకటి 250 జీటీఓను కళాఖండంగా గుర్తించి, దానికి నకళ్లు చేయకూడదంది. బాగుంది. ఒక రేకు బండికి అక్కడ దొరికిన మర్యాద మన ఊళ్లో గుడి రాతికి దక్కుతోందా? శతాబ్దాల నాటి మంటపం స్తంభాలకు ఉత్సవం వచ్చిందంటే చాలు, ఎనామిల్ పెయింటు. నల్లరాతి నందికి వెండి రంగు, ద్వారపాలకులకు గులాబీ రంగు. శిల్పి ఉలి గీతలు పెయింటు పొరల కింద పూడిపోయాయి. కొన్నిచోట్ల ఆ పెయింటు వదిలించడానికి ఇసుక కొట్టించి రాతి చర్మమే ఒలిచేశారు. దానికి పేరు జీర్ణోద్ధరణ, పైగా దాతల పేర్లతో శిలాఫలకం.

ఫెరారీ కొన్నవాడు నా మాట వినడు, వాడి డబ్బు వాడి ఇష్టం. గుడి అలా కాదు, మీదీ నాదీ. మీ ఊరి కమిటీలో మీరుంటే, వచ్చే ఉత్సవానికి రంగుల డబ్బాల పద్దు చదివినప్పుడు లేచి వద్దనండి.