పాత షీటు గమ్ము మీద పెట్రోలు పోయకండి

రాయ్‌పూర్ టాటీబంధ్‌లోని బస్సు బాడీ షెడ్లలో పనిచేసే మనవాళ్లకీ, వాళ్లచేత పని చేయించుకునే యజమానులకీ ముందుగా ఒక్క మాట. బండి చెక్క ఫ్లోరు మీంచి పాత వినైల్ షీటు పీకాక మిగిలిన గమ్ము కరగడానికి పెట్రోలు గానీ థిన్నర్ గానీ పోయకండి. ఇప్పటికే పోసి ఉంటే పని ఆపి, అందరూ బయటికి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ ఊరు దగ్గరైంది. ఇవాళ జి.ఇ. రోడ్డు పక్కన రెంచీ పట్టుకున్న కుర్రాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ పని ఎక్కడ మొండికేస్తుందో చేసినవాళ్లకి తెలుసు. బస్సు అడుగున ప్లైవుడ్, దానిమీద రబ్బర్ సొల్యూషన్‌తో అంటించిన షీటు. ఏళ్లు గడిచేసరికి అంచులు లేస్తాయి, నీళ్లు దిగుతాయి, చెక్క ఉబ్బుతుంది. షీటు లాగితే పైపొర ఊడి చేతికొస్తుంది గానీ అడుగు గుడ్డా గమ్మూ చెక్కని వదలవు. సాయంత్రానికి బండి అప్పగించాలి. అప్పుడొస్తుంది పెట్రోలు సీసా. అందరికంటే చిన్నవాడు గొంతుక్కూర్చుని గుడ్డతో రుద్దుతాడు.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నీళ్లలా నేల మీదే పరుచుకుని, తలుపు కిందనుంచి జారి పక్క షెడ్డులో వెల్డింగ్ దాకా, టీ కాచే స్టవ్వు దాకా, గోడ వారగా వెలిగించిన అగరొత్తి దాకా వెళ్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఆవిరి కలిస్తే చాలు, ఒక నిప్పురవ్వకి అంతా ఒక్కసారి అంటుకుంటుంది. కిటికీలు తెరిచాం కదా అన్న ధైర్యం పనికిరాదు, ఎందుకంటే ఆవిరి కిటికీ ఎత్తులో ఉండదు. ఆ కుర్రాడి ముక్కు ఎత్తులో ఉంటుంది.

పెట్రోలు కాదు, కిరోసిన్ వాడుతున్నాం అంటారు కొందరు. కిరోసిన్ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకి తగ్గకూడదని మన దేశ ప్రమాణం చెబుతోంది. అంటే 35 దాకా కొంత భద్రత ఉందని. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 44 దాటుతుంది. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. చలికాలంలో ఊరుకున్న కిరోసిన్ ఇక్కడి ఎండాకాలంలో ఊరుకోదు. చాలా థిన్నర్లలో ఉండే టొలీన్‌కైతే 4 డిగ్రీలు చాలు.

మంట లేకపోయినా మనిషికి నష్టమే. టొలీన్ తల తిప్పుతుంది, మత్తెక్కిస్తుంది. కొన్ని సొల్యూషన్లలో ఉండే హెక్సేన్ నెలల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని వేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి.

సరే, గ్రైండర్‌తో గీకేద్దాం అనుకుంటే అదింకో ప్రమాదం. బండి దాటి భవనాల నేల పనికి వెళ్తే, పాత ఆఫీసుల్లో, పాత క్వార్టర్లలో వేసిన గట్టి వినైల్ పలకల్లో ఆస్బెస్టాస్ కలిసి ఉండవచ్చు. ఇది విదేశాల సంగతి కాదు. ఆస్బెస్టాస్ కలిపిన పీవీసీ పలకలకి ఐఎస్ 3461 అని మన దేశంలోనే ఒక ప్రమాణం ఉండేది. కింద తారులా నల్లటి జిగురు కనిపిస్తే ఇంకా అనుమానించాలి. ఆస్బెస్టాస్ అంటే రాతినార. అది మనకి కొత్త కాదు, పులివెందుల ప్రాంతంలో తవ్వి తీసిన ఖనిజమే. పలక కదలకుండా ఉన్నంతకాలం ఆ నార లోపలే ఉంటుంది. గ్రైండర్ తగిలితే కంటికి కనపడని పోగులై ఊపిరితిత్తుల్లో దిగుతుంది. దానివల్ల వచ్చే క్యాన్సర్ బయటపడేది తరచుగా 20 నుంచి 40 ఏళ్ల తర్వాత. అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌ని నిషేధించింది, మన దేశంలో పూర్తి నిషేధం లేదు. న్యూజెర్సీలోనో ఇంకెక్కడో పాత ఇల్లు కొని, లినోలియం కింద చెక్క నేల ఉందని మురిసిపోతున్న పిల్లలుంటే వాళ్లకీ ఫోన్ చేసి చెప్పండి: పరీక్ష చేయించకుండా గీకొద్దని.

మరి ఏం చెయ్యాలి? నా మాట వింటే, గమ్ముతో యుద్ధమే వద్దు. బండిలో పాత ప్లైవుడ్ గట్టిగా ఉంటే దానిమీద పలచటి కొత్త ప్లై కొట్టి షీటు వేసుకోండి. ఉబ్బిపోయి ఉంటే చెక్కనే మార్చండి. ఆ ఖర్చు కాలిన చర్మానికి చేసే వైద్యం ముందు లెక్కలోకి రాదు. ఎయిమ్స్ ఈ టాటీబంధ్‌లోనే ఉందన్నది పెట్రోలు పొయ్యడానికి ధైర్యం కాకూడదు. ఇంట్లో మంచి చెక్క నేల కాపాడుకోవాలంటే, జిగురులో ఆస్బెస్టాస్ లేదని పరీక్షలో తేలాక, వేడినీళ్లలో ముంచి పిండిన గోనెగుడ్డ పావుగంట పరిచి, మెత్తబడ్డంత మేర పుట్టీ బ్లేడుతో చేత్తోనే తియ్యండి. పాత లినోలియం జిగుర్లు చాలావరకు దీనికి లొంగుతాయి. అనుమానపు పలకలైతే కదపకుండా వాటిపైనే కొత్తది వేయించండి. పొడి చీపురు ముట్టుకోవద్దు. మూతికి కట్టిన తువ్వాలు ఆ పోగుల్ని ఆపదు.

ఇంకొక్కటి, ఎవరూ చెప్పనిది. చెక్క శుభ్రమయ్యాక మెరుపు కోసం అవిసె నూనె పూస్తారు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తు అలాగే అంటుకుంది. చెక్క పలకలకి మెరుగుపెట్టినవాళ్లు వదిలేసిన నూనె గుడ్డలవి. దాదాపు 19 గంటలు మండింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఈ రాత్రి షెడ్డుకి తాళం వేసే ముందు మూలలు చూడండి. నూనె గుడ్డలుంటే నీళ్లలో ముంచి, మూతున్న ఇనప డబ్బాలో పెట్టి ఆరుబయట ఉంచండి. థిన్నర్ డబ్బా మూత బిగించి ఉందో లేదో మీ చేత్తో తిప్పి చూడండి. 112 నంబరు గోడ మీద పెద్దగా రాయండి. లోపల ఎవరైనా పడుకునే అలవాటుంటే, ఇవాళ్టి నుంచి అతని పక్క బయట వేయించండి.