కాగజ్ మాది, కంప్యూటర్ ఎవరిది?

మా ఊరి పేరులోనే మా జబాన్ ఉంది. కాగజ్ అన్నది మా అమ్మీల నోట్లోని మాట. 1938లో, నిజాం జమానాలో, సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టింది. మిల్లు వల్లనే ఊరు కాగజ్‌నగర్ అయింది. 2014లో మిల్లు మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి పోయి మళ్లా తెరుచుకునేదాకా మా బస్తీల్లో పొయ్యిలు ఎట్లా వెలిగినయో మాకే తెలుసు. ఇప్పుడేమో కాగితం జమానా అయిపోయింది, ఇది కంప్యూటర్ జమానా అంటున్నరు. సరే, రానీయండి. అయితే బడిలోకి వచ్చే ఆ కంప్యూటర్ మా పిల్లలతో ఏ జబాన్‌లో మాట్లాడుతుంది?

ముందే ఒక మాట తేల్చుకుందాం. మేం కంప్యూటర్‌కు దుష్మన్‌లం కాము. సాయిబుల పిల్లలకు మదర్సా చాలు అనుకునేవాళ్లు సచార్ కమిటీ రిపోర్టు తిరగేయండి. 6 నుంచి 14 ఏండ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి గడప తొక్కనే లేదు, లేదా నడుమ మానేసిండ్రు అని 2006లో అది చెప్పింది. మదర్సాలకు పోయేటోళ్లు నూటికి నలుగురికి మించి లేరని కూడా అదే చెప్పింది.

అంటే మా పిల్లల్ని పోగొట్టుకుంటున్నది చిన్న బడుల్లోనే. మరి కంప్యూటర్లు ఎటు పోయినయి? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు 5,000 హైస్కూళ్లకు పంపింది. నడిపే పని ఐదేండ్ల లెక్కన ప్రైవేటు ఏజెన్సీలకు అప్పజెప్పింది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల హైస్కూల్లో ఉన్న కంప్యూటర్‌ను ఎన్నడు ముట్టుకోవాలె?

2020లో కరోనా వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి టీశాట్, యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలుపెట్టిండ్రు. అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకటి, రెండు తరగతుల పిల్లలు లెక్కలోనే లేరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ అబ్బాతో పాటే ఆటో స్టాండుకు పోయింది. దాన్నే డిజిటల్ చదువు అన్నరు.

ఇగ అన్నిటికన్నా పెద్ద అబద్ధం ఇంకోటుంది: ఉర్దూ కంప్యూటర్‌కు ఎక్కదట! పత్రికల్లో పనిచేసేటోళ్లం, మాకే చెప్తారా? మా నస్తాలిఖ్ లిపిలో పక్క అక్షరాన్ని బట్టి అక్షరం రూపం మారుతది, నిజమే. అందుకే ఒకదానితో ఒకటి కలిసే అక్షరాల రూపాలు వేలకు వేలు గీసి 1981లోనే నూరీ నస్తాలిఖ్ తయారుచేసిండ్రు. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ వచ్చింది. కాతిబ్ చేతిరాతతో అచ్చయిన ఉర్దూ పత్రికలు కంప్యూటర్ మీదికి వచ్చి ఎన్నేండ్లయింది! అంతెందుకు, మా పక్కనున్న ఆదిలాబాద్ గోండుల గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. యంత్రానికి అన్ని లిపులూ వస్తయి. రాంది విద్యాశాఖకే.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చిండ్రు. 2025లో ప్రాథమిక బడుల్లో మూడు, నాలుగు, అయిదు తరగతులకు కృత్రిమ మేధతో చదవడం, లెక్కలు నేర్పుతమన్నరు. మేం అడిగేది ఒక్కటే. ఆ మేధకు ఉర్దూ వాచకం వినిపిస్తే తప్పొప్పులు చెప్తదా? ఇంట్ల దక్కనీ మాట్లాడి, గల్లీల తెలుగు మాట్లాడే పిల్లను అది తెలివిగల్ల పిల్ల అంటదా, వెనుకబడ్డ పిల్ల అంటదా?

ఇదేం ఖైరాత్ కాదు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం 1956 నుంచి చెప్తున్నది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసిండ్రు. చట్టంలో ఉన్న ఉర్దూ, కీబోర్డు మీద ఎందుకు లేదు?

సెక్యులర్ మిత్రులారా, కంప్యూటర్‌లో తెలుగు కావాలంటే అది భాషాభిమానం. మేం ఉర్దూ కావాలంటే ప్రధాన స్రవంతిలో కలవని మొండితనమా? మీరు మా వెంట నిలబడేది దంగాలప్పుడేనా, బడి దగ్గర నిలబడరా?

మా పెద్దమనుషులకూ ఒక మాట. ముషాయిరాల్లో ఉర్దూ కోసం కన్నీళ్లు పెడతరు, మీ పిల్లల్ని మాత్రం కాన్వెంటుకు పంపుతరు. ఆడపిల్ల చేతికి ఇంటర్నెట్ ఇస్తే చెడిపోతదని తీర్పులు చెప్తరు. బడిలో టీచరమ్మ ముందు కూర్చొని నేర్చుకుంటే చెడిపోయేదేంది? తెలియనితనమే ఆమెను ఎక్కువ చెరుస్తది.

మాకు కావాల్సింది ఇది. ఉర్దూ ప్రాథమిక బడుల్లో కంప్యూటర్లు, ఇంటర్నెట్ పెట్టాలె. వాటిలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉండాలె. ఉర్దూ టీచర్ల ఖాళీలు నింపి, వాళ్లకు ట్రైనింగ్ ఇయ్యాలె. టీచర్ లేని గదిలో కంప్యూటర్ పెట్టి మా నోరు మూయించొద్దు. ఉద్ఘాటన ఫోటో అయిపోయినంక హెడ్మాస్టర్ గదిలో పెట్టి తాళం వెయ్యొద్దు. కాగజ్‌నగర్ పిల్ల తన ఊరి పేరును మూడు లిపుల్లో తానే టైపు చేసుకోవాలె. అందాక మేం అడుగుతనే ఉంటం.