తల్లిని చూసి పిల్లను

మానవుని వెంట నడచిన జంతువులలో మొదటిది కుక్క. ఆవు కొట్టానికి రాకముందే, గుఱ్ఱం కళ్ళేనికి లొంగకముందే కుక్క అతని నెగడు చెంతకు చేరింది. మన పల్లెలలో ఒకప్పుడు దానిని కొనేవారు లేరు. పొరుగింటి కుక్క ఈనిందని తెలిస్తే, పాలు మరచిన తరువాత కూనలలో చురుకైన దానిని ఎంచి తెచ్చుకొనేవారు. తల్లి ఎవరి వాకిట పెరిగిందో, దాని స్వభావమేమిటో ఊరందరికీ ఎరుకే. నేడు కుక్కపిల్ల వెలగల వస్తువైంది. వరంగల్లులోనో, గుంటూరులోనో ఉన్న కుటుంబం ఫోనులో ఒక కూన చిత్రాన్ని చూస్తుంది. ఆ కూన ఉన్నది ఢిల్లీలో. సగం సొమ్ము ముందుగా పంపితే రైలులో పంపిస్తానంటాడు అమ్మకందారు. ఇంట్లోని పిల్లలు ఆ చిత్రానికి అప్పుడే పేరు పెట్టేస్తారు. కొనాలా, వద్దా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని పది, పన్నెండేళ్ళ పాటు సాగవలసిన ఒక ప్రాణి బ్రతుకు దీనిపై ఆధారపడి ఉంది.

పశువును కొనడంలో తెలుగు రైతుకు తరతరాల నేర్పు ఉంది. ఎద్దును కొనదలచినవాడు సంతకు వెళ్ళి దాని పళ్ళు పట్టి చూసేవాడు, గిట్టలు పరీక్షించేవాడు, నాలుగడుగులు నడిపించి నడక గమనించేవాడు. ‘తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను’ అనే సామెత అటువంటి అనుభవం నుండి పుట్టినదే. చూడకుండా చేసే బేరాన్ని ‘బర్రెను నీటిలో పెట్టి బేరమాడడం’ అని పెద్దలు పరిహసించారు. నీటిలోని బర్రెకు కొమ్ములు తప్ప మరేమీ కనబడవు. దాని పొదుగు ఏపాటిదో, కాలు కుంటిదో కాదో తెలియదు. ఫోను తెరమీది కూన సంగతీ అంతే. కనబడేది ముద్దులొలికే ముఖం. కనబడనివి దానిని కన్న తల్లి, అది పుట్టిన చోటు.

కూనను గురించి తెలుసుకోవలసిన దానిలో అధికభాగం తల్లి దగ్గరే ఉంటుంది. కొత్తవారిని చూసి అది తోక ఊపుతూ ఎదురు వస్తుందా, మూలకు నక్కుతుందా? ఒళ్ళు నిండుగా ఉందా, డొక్కలు ఎండి ఉన్నాయా? అది ఎన్నవ ఈత? కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, విక్రయాలపై ప్రత్యేక నియమాలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈనించరాదు. ఏడాదికి ఒక ఈతకు, జీవితకాలంలో 5 ఈతలకు మించరాదు. నియమాలు మంచివే. కాని ఇరుకు బోనులలో తల్లులను బంధించి ఈత వెంట ఈత ఈనించేవాడు ఆ బోనుల చిత్రాలను పంపడు. పచ్చికమీద కూర్చోబెట్టి తీసిన కూన చిత్రాన్నే పంపుతాడు. ఆ చిత్రమైనా అతనిదేనన్న నమ్మకం లేదు. ఎవరి కూననో చూపి, ముందస్తు సొమ్ము గ్రహించి, ఆపై రవాణా ఖర్చని, పెట్టె ఖర్చని మరికొంత రాబట్టి మాయమయ్యే మోసగాళ్ళూ ఉన్నారు. అలా సొమ్ము పోగొట్టుకొన్నవారు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. బోనులోని తల్లికి మాత్రం ఏ ఫిర్యాదు మార్గమూ లేదు. చూడకుండా కొనే చేతులున్నంత కాలం ఆ బోనులు ఖాళీ కావు.

ఇక ప్రయాణం సంగతి. ఢిల్లీ నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం 1,600 కిలోమీటర్లకు పైనే. ఇంచుమించు ఒక రోజు ప్రయాణం. తల్లి వెచ్చదనాన్ని నిన్నటిదాకా ఎరిగిన కూన, తెలియని చప్పుళ్ళ మధ్య, ఒంటరిగా ఒక పెట్టెలో ఆ దూరమంతా రావాలి. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని పశువైద్యుడిచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలని 1978 నాటి జంతు రవాణా నియమాలు చెబుతున్నాయి. కాని ఏ పత్రమూ పూర్తి అభయమివ్వలేదు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన పార్వో వ్యాధి లక్షణాలు వైరస్ సోకిన తరువాత సాధారణంగా 3 నుండి 7 రోజులకు గాని బయటపడవు. బయలుదేరేనాడు గెంతులు వేసిన కూన, ఇల్లు చేరిన మూడవనాటికి వాంతులతో, నెత్తుటి విరేచనాలతో సోలిపోవచ్చు. కుక్కపిల్లల టీకాలు 6–8 వారాల వయసులో మొదలై, 3–4 వారాలకొకసారి చొప్పున, 16 వారాల వయసు వరకు సాగుతాయి. కనుక రెండు నెలల కూనకు ‘టీకాలన్నీ అయిపోయాయి’ అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మదగినది కాదు.

అయితే దూరాన ఉన్నవారందరూ మోసగాళ్ళని, దగ్గరివారందరూ సజ్జనులని భావించడం అవివేకం. పక్కవీధి దుకాణంలోని కూన ఎక్కడ పుట్టిందో ఆ దుకాణదారుకే తెలియకపోవచ్చు. సుదూర నగరంలో తన కుక్కలను బిడ్డలవలె సాకే పెంపకందారు ఉండవచ్చు. అటువంటివారిని గుర్తుపట్టడం కష్టం కాదు. వారు ‘ఎప్పుడు వచ్చినా తల్లిని చూపిస్తాము’ అంటారు. తొందరపెట్టరు. ‘మీ ఇంట్లో పగటిపూట ఎవరుంటారు? ఊరికి వెళ్తే దీనిని ఎవరు చూస్తారు?’ అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. వంశపత్రాన్ని చూపి ఊరుకోరు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రంలో తాతముత్తాతల పేర్లుంటాయి గాని, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతులలో వంశపారంపర్యంగా వచ్చే తుంటి కీలు లోపం ఆ పేర్లను బట్టి తెలియదు. తల్లిదండ్రుల కీళ్ళను పరీక్ష చేయించిన పెంపకందారే ఆ విషయంలో భరోసా ఇవ్వగలడు. అటువంటివారు దొరికితే దూరం అడ్డంకి కాదు. కాని ఆ దూరాన్ని ముందుగా దాటవలసినది కొనేవారే గాని కూన కాదు. వెళ్ళాలి, తల్లిని చూడాలి, నచ్చితే తమ ఒడిలో పెట్టుకొని తెచ్చుకోవాలి. ఒక్కసారి వెళ్ళిరావడానికే తీరిక లేదనేవారికి, పన్నెండేళ్ళు ప్రతి ఉదయమూ కుక్కను నడకకు తీసుకొనిపోయే తీరిక ఎక్కడిది?

దీనికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ జాతి కుక్క ఈ నేలకు తగినదేనా? మంచుసీమలో బండ్లు లాగిన హస్కీకి దట్టమైన బొచ్చు ప్రకృతి ఇచ్చిన వరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే తెలుగు నేలపై ఆ వరమే శాపమవుతుంది. 2003లో ఒక ఫోను సంస్థ ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్ కుక్కను చూసి ఎందరో దానిపై మోజుపడ్డారు. చప్పిడి ముక్కుతో ఊపిరి తీయడానికే అది పడే అవస్థ ఆ ప్రకటనలో కనబడలేదు. మన దేశానికి మేలుజాతి కుక్కలు లేకపోలేదు. తమిళనాడు రాజపాళయం కుక్కకు, కర్ణాటక ముధోల్ కుక్కకు భారత తపాలాశాఖ 2005లో తపాలాబిళ్ళలతో గౌరవం కల్పించింది. కొల్లేటి ప్రాంతపు జోనంగి మన తెలుగు గడ్డ బిడ్డ. ఇవేవీ వద్దనుకొంటే, వీధి కూనలను చేరదీసి దత్తతకిచ్చే సంస్థలున్నాయి. 1992లో స్థాపితమైన హైదరాబాదు బ్లూక్రాస్ అటువంటిదే. వీధి తల్లికి పుట్టిన కూన కూడా ఇంటివారి అడుగుల చప్పుడును గుర్తుపట్టి వాకిటికి పరుగెత్తుతుంది.

నన్నయ భారత రచనలో ఆదిపర్వపు తొలి కథలలో ఒకటి సరమ అనే దేవశునిది. యాగశాలకు వచ్చిన తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లి నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీసింది. నిరపరాధిని బాధించడంలోని అన్యాయాన్ని చెప్పి, ఊహించని ఆపదలు తప్పవని హెచ్చరించి వెళ్ళింది. ఒక కుక్క మాటకు చక్రవర్తి కలత చెందాడు. శాంతి కలిగించగల పురోహితుని కోసం అన్వేషించాడు. పుత్రశోకం మానవులకే పరిమితం కాదని ఆ కవి వేయి సంవత్సరాల నాడే పలికించాడు. నేటి బోనులలోని సరమలు ఏ సభకూ రాలేవు. వాటి పక్షాన అడగవలసినవారు కొనేవారే. ‘దీని తల్లి ఏది? చూపించు’ అన్న మాటకు సమాధానం దొరికిన చోట కూనను తెచ్చుకోవచ్చు. దొరకని చోట, ఆ చిత్రం ఎంత ముద్దుగా ఉన్నా, వెల ఎంత తక్కువైనా, పిల్లలు ఏ పేరు పెట్టుకొన్నా, ఆ బేరాన్ని వదలుకోవడమే ధర్మం.